కొయ్యలు కాల్చడం మానిన మడిలో నాటు ఎందుకు పసుపెక్కింది? నేలలో గడ్డి కుళ్లే తీరు గురించి

ప్రశ్న: యాసంగి రైతు (జగిత్యాల జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మాకు ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కింద 4 ఎకరాల రేగడి పొలం ఉంది. వానాకాలం, యాసంగి (రబీ) రెండు పంటలూ వరే వేస్తాం. రెండేళ్ల క్రితం వరకు కోత మిషన్ వెళ్లిన వారంలోనే అందరిలాగే మేమూ కొయ్యలకు (కోత తరువాత మిగిలిన వరి మొదళ్లకు) నిప్పు పెట్టేవాళ్లం. ఆ మంటకు గట్టు మీద మా తాత నాటిన వేపచెట్టు సగం మాడిపోయింది. ఇక కాల్చకూడదని ఆ రోజే నిర్ణయించుకుని, అప్పటి నుంచి గడ్డినీ కొయ్యలనూ మడిలోనే కలియదున్నిస్తున్నాను.

గత వేసవిలో, అంటే యాసంగి కోత తరువాత, ఏప్రిల్ చివర ఒకసారి దున్నించి వదిలేసి జూలైలో నాటు వేసినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. పైగా దమ్ము చేసేటప్పుడు (నీళ్లు పెట్టి మట్టిని బురదగా కలియదున్నేటప్పుడు) మట్టి మెత్తగా కలిసిందని ట్రాక్టర్ డ్రైవరే చెప్పాడు. ఆ వానాకాలం పంటను నవంబరు మూడో వారంలో కోయించాం. కూలీలు దొరక్క, దున్నించడం ఆలస్యమై, డిసెంబరు చివర నీళ్లు పెట్టి రోటవేటర్ రెండుసార్లు తిప్పించి, కేజీ వీల్స్‌తో (ట్రాక్టర్‌కు తగిలించే ఇనుప చక్రాలతో) దమ్ము చేయించి, నాలుగో రోజే నాటు వేయించాను. నాటిన 18వ రోజుకు ఆకులు పసుపెక్కాయి, పిలకలు ఆగిపోయాయి. మడిలో కాలు పెడితే బుడగలు వచ్చేవి. ఒక దుబ్బు పీకి చూస్తే వేర్లు నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టాయి. కొయ్యలు కాల్చిన పక్క పొలం మాత్రం పచ్చగానే ఉంది.

ఎకరాకు అరబస్తా చొప్పున యూరియా చల్లినా పది రోజుల వరకు మార్పు కనిపించలేదు. తరువాత ఒక దుకాణంలో గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ద్రావణం అని ఇచ్చిన సీసాలు తెచ్చి, నిలిచి ఉన్న నీళ్లలోనే పోశాను. దానితోనూ ఫలితం లేదు. ఫిబ్రవరిలో పంట దానంతట అదే తేరుకుంది కానీ, ఎకరాకు 4 క్వింటాళ్ల దిగుబడి తగ్గింది. భూసార పరీక్ష పత్రంలో సేంద్రియ కర్బనం 0.42 శాతం అని ఉంది.

ఈ గడ్డిని నేలలో ఎవరు తింటారు, ఎంత కాలంలో తింటారు, తినేటప్పుడు పంటకు ఎందుకు చెరుపు జరుగుతుంది అన్నది నాకు తెలియాలి. కాల్చడం మానడమే తప్పని ఊళ్లో అంటున్నారు. నాకు ఆ మాట ఒప్పుకోవాలని లేదు, కానీ వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు 1: మట్టి పరీక్ష

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. వేసవిలో కలియదున్నినప్పుడు రాని బెడద యాసంగిలో వచ్చిందంటే, తప్పు గడ్డిది కాదు, దున్నకానికీ నాటుకూ మధ్య మీరు ఇచ్చిన నాలుగు రోజుల గడువుది. నేను 27 ఏళ్లు భూసార పరీక్షల పనిలో ఉన్నాను. జనవరి నెలాఖరున నల్లబడిన వేళ్లతో దుబ్బులు పట్టుకుని వచ్చే రైతులను ప్రతి ఏడూ చూశాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ఎకరాకు 25 క్వింటాళ్ల ధాన్యం పండితే గడ్డి, కొయ్యలు కలిపి దాదాపు అంతే బరువు, అంటే రెండున్నర టన్నుల వరకు ఉంటుంది. అందులో సుమారు 40 శాతం కర్బనం, అంటే 1000 కిలోలు. నత్రజని మాత్రం 15 కిలోలకు మించదు. ఒక పాలు నత్రజనికి 65 పాళ్లకు పైగా కర్బనం అన్నమాట. ఈ గడ్డిని తినే బ్యాక్టీరియా శరీరంలో ఒక పాలు నత్రజనికి 5 నుంచి 8 పాళ్ల కర్బనం, శిలీంధ్రాల శరీరంలో 10 పాళ్ల దాకా ఉంటుంది. తిన్న కర్బనంలో ఎక్కువ భాగాన్ని అవి బొగ్గుపులుసు వాయువుగా వదిలేసి, గాలి బాగా ఆడే నేలలో మూడో వంతు వరకు ఒంట్లో నిలుపుకుంటాయి. ఆ లెక్కన 1000 కిలోల కర్బనాన్ని పూర్తిగా తినాలంటే వాటికి 35 కిలోల దాకా నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 15 కిలోలే. మిగతా 20 కిలోలను అవి మీ నేలలో నుంచి, మీరు వేసిన యూరియాలో నుంచి లాక్కుంటాయి. వరి వేరుకూ సూక్ష్మజీవికీ ఒకే కంచం పెడితే గెలిచేది సూక్ష్మజీవే, ఎందుకంటే అది మట్టి రేణువు రేణువుకూ అంటుకుని ఉంటుంది, వేరు దాని దగ్గరికి నడిచి రావాలి. అయితే ఇది అప్పు మాత్రమే. మేత అయిపోయాక ఆ జీవులు చచ్చి, వాటిని ఇతర జీవులు తిని, ఆ నత్రజని మళ్లీ నేలలోకి విడుదలవుతుంది. ఫిబ్రవరిలో మీ పంట దానంతట అదే తేరుకోవడానికి ఒక కారణం ఇదే.

నీటి కింద జరిగేది మరొకటి ఉంది, మీ మడిలో అసలు దెబ్బ అక్కడే తగిలింది. దమ్ము చేసి నీళ్లు నిలబెడితే మట్టిలోని ప్రాణవాయువు ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతుంది, పచ్చి గడ్డి ఉంటే ఇంకా తొందరగా అయిపోతుంది. గాలితో బతికే జీవులు ఆగిపోయి గాలి లేకుండా బతికేవి పని అందుకుంటాయి. అవి ఊపిరికి బదులుగా మొదట నైట్రేటును, తరువాత మాంగనీసును, ఇనుమును, ఆ తరువాత సల్ఫేటును వాడుకుంటాయి, చివరకు మీథేన్ తయారుచేసే జీవులు రంగంలోకి వస్తాయి. మీ కాలి కింద లేచిన బుడగల్లో ఎక్కువగా ఉన్నది ఆ మీథేన్. సల్ఫేటు నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుదే కోడిగుడ్డు వాసన. నేలలో కరిగిన ఇనుము తగినంత ఉంటే ఆ వాయువును పట్టి నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా మార్చేస్తుంది, లేకపోతే అది నేరుగా వేరును చంపుతుంది. దానికి తోడు, గాలి లేకుండా సగం కుళ్లిన గడ్డి నుంచి వెనిగర్ జాతి ఆమ్లాలు పుట్టి లేత వేళ్లను మాడుస్తాయి.

ఇకముందు దుబ్బు పీకినప్పుడు వేరు రంగు చూడండి. ఆరోగ్యంగా ఉన్న వరి వేరు తన లోపలి గొట్టాల ద్వారా పైనుంచి గాలిని తెచ్చుకుని చుట్టూ ఉన్న ఇనుమును తుప్పు పట్టిస్తుంది కనుక, దాని మీద ఇటుకరంగు పూత ఉంటుంది. ఆ పూత పోయి నల్లబడిందంటే వేరు ఊపిరి ఓడిపోయిందని అర్థం. అలాంటి వేరుకు యూరియా చల్లడం, గొంతు పట్టేసిన వాడికి అన్నం వడ్డించడం లాంటిది. అందుకే మీ అరబస్తా యూరియా పని చేయలేదు. నిలిచిన నీళ్ల మీద చల్లిన యూరియాలో కొంత భాగం అమోనియా వాయువుగా గాలిలో కలిసిపోయి ఉంటుంది కూడా. ఆ రోజు చేయవలసింది నీళ్లు తీసేసి, సన్నని నెర్రెలు వచ్చే వరకు నాలుగైదు రోజులు మడిని ఆరగట్టి, తరువాత కొత్త నీరు పెట్టడం. యూరియా ఆ తరువాతి మాట.

సీసాల సంగతి. మీ మట్టిలో ఒక గ్రాముకు కోట్ల సంఖ్యలో బ్యాక్టీరియా ఇప్పటికే ఉన్నాయి. మీ మడిలో కొరత జీవులది కాదు, వాటికి కావలసిన గాలిది, నత్రజనిది, గడువుది. గడ్డిలోని గట్టి పీచును, ముఖ్యంగా లిగ్నిన్‌ను విరగ్గొట్టే శిలీంధ్రాలకు గాలి తప్పనిసరి. పూసా డీకంపోజర్ లాంటి శిలీంధ్రాల మందులైనా, ట్రైకోడెర్మా అనే శిలీంధ్రమైనా, తడి మాత్రమే ఉండి నీరు నిలవని గడ్డి మీద, నాటుకు మూడు వారాల ముందు చల్లితే ఉపయోగపడవచ్చు. నీళ్లలో పోస్తే వాటిని ముంచేసినట్టే.

కాబట్టి కోత అయిన వెంటనే, నేలలో పదును ఆరకముందే, పైపైన 10 సెంటీమీటర్ల లోతుకు మించకుండా దున్నించండి. గడ్డిని లోతుగా పాతేస్తే గాలి అందదు. నాటుకు ముందు వేయదలచుకున్న నత్రజనిలోంచే ఎకరాకు 20 నుంచి 25 కిలోల యూరియాను అప్పుడు చల్లండి. అంతకు మించి వేయకండి, ఎందుకంటే ఆరిన నేలలో యూరియా నైట్రేటుగా మారి, మీరు నీళ్లు పెట్టగానే వాయువై ఎగిరిపోతుంది. కనీసం మూడు వారాలు, యాసంగిలో చలి ఉంటుంది కనుక వీలైతే నాలుగు వారాలు ఆగండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కుళ్లే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. మే నెలలో తడి నేల మూడు వారాల్లో చేసే పని డిసెంబరులో ఐదారు వారాలు పడుతుందంటే ఆశ్చర్యం లేదు. మొదటి మూడు వారాల్లో గడ్డి అంతా మాయమైపోదు. దానిలోని చక్కెరలు, మెత్తటి పదార్థాలు అయిపోయి, గాలిని ఒక్కసారిగా హరించే దశ దాటిపోతుంది. వరికి కావలసింది అంతే. సగం గడ్డి కరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది, గట్టి పీచు ఇంకా చాలా కాలం నిలుస్తుంది.

మరొక జాగ్రత్త చెప్పి ఆపుతాను. కొయ్యలు కలియదున్నేటప్పుడు ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు వేయమని మన ప్రాంతంలో సాధారణంగా చెబుతారు, చాలా నేలలకు అది మంచి సలహాయే. కానీ అందులో 11 శాతం గంధకం సల్ఫేటు రూపంలో ఉంటుంది. ఇప్పటికే సల్ఫైడ్ దెబ్బ తిన్న, మురుగు దిగని మీలాంటి రేగడి మడిలో, కుళ్లడానికి గడువు ఇవ్వకుండా దాన్ని వేస్తే ఆ వాయువుకు ముడిసరుకు ఇచ్చినట్టవుతుంది. భాస్వరం అవసరమైతే అలాంటి మడికి డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువు రూపంలో ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

జవాబు 2: దాళ్వా మడి (పశ్చిమ గోదావరి)

తమ్ముడూ, పైన చెప్పిన పెద్దాయన మాటలకు నా అనుభవం జోడిస్తున్నాను. మాకు సార్వా (వానాకాలం వరి) కోతకూ దాళ్వా (రెండో పంట వరి) నాటుకూ మధ్య నెల రోజులు కూడా దొరకని సంవత్సరాలు ఉన్నాయి. పల్లపు మడుల్లో మీరు చెప్పిన నల్లవేళ్ల జబ్బు నేను రెండుసార్లు చూశాను. ఆ తరువాత నేను పెట్టుకున్న కట్టడి ఏమిటంటే, గడువు ఎంత ఉందో చూసుకుని గడ్డి ఎంత కలపాలో నిర్ణయించుకోవడం. సార్వా కోత తరువాత మిషన్ వెనుక వరుసగా పడిన గడ్డిని కట్టలు కట్టించి పశువులకు తోలించి, నిలబడి ఉన్న కొయ్యలను మాత్రమే కలియదున్నిస్తాను. దాళ్వా కోత తరువాత వేసవి అంతా చేతిలో ఉంటుంది కనుక అప్పుడు గడ్డి మొత్తం మడికే వదిలేస్తాను. పల్లపు మడికి ముందు మురుగు బోదె తీయించాకే గడ్డి సంగతి ఆలోచిస్తాను.

వేసవిలో నీరు దొరికితే, లేదా తొలకరి ముందే పడితే, ఎకరాకు 10 నుంచి 12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లి, 45 రోజులకు పూత మొదలయ్యే సమయంలో దున్నిస్తాను. జీలుగ లేతగా ఉన్నప్పుడు దానిలో నత్రజని ఎక్కువ, పీచు తక్కువ. అదే దున్నకంలో పాత కొయ్యలు కూడా కలిసిపోతే, గడ్డికి తక్కువైన నత్రజనిని జీలుగే ఇస్తుంది. జీలుగను ముదరనిస్తే మాత్రం కాడ కట్టెలాగా తయారై గడ్డికన్నా మొండిగా మారుతుంది. ఒక ఏడు ట్రాక్టర్ దొరక్క 70 రోజుల దాకా ఉంచేశాను, ఆ కాడలు నాటు వేసేటప్పుడు ఆడవాళ్ల కాళ్లకు గుచ్చుకున్నాయి.

మరో మాట. జనవరిలో పసుపెక్కిన ప్రతి మడినీ గడ్డి ఖాతాలో వేయకండి. చలి వల్ల, జింకు లోపం వల్ల కూడా పసుపెక్కుతుంది. జింకు లోపమైతే పైనుంచి మూడు నాలుగు ఆకుల్లో తుప్పు మచ్చలు, మధ్య ఈనె పాలిపోవడం కనిపిస్తాయి, వేరు మాత్రం అంతగా కంపు కొట్టదు. దానికి లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ చేస్తే తేడా తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారి మాట: యాసంగి రైతు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పక్క పొలం ఎందుకు పచ్చగా ఉందో ఇప్పుడు అర్థమైంది. గడ్డి కాలిపోయాక అక్కడ సూక్ష్మజీవులకు మేతే లేదు, కనుక పోటీ లేదు. మరో రెండు సందేహాలు మిగిలాయి. సీసా బదులు జీవామృతం పోస్తే ఆ నత్రజని లోటు తీరుతుందా? రెండోది, మాకు ఊరి పక్కన అర ఎకరం చెలక (మెట్ట చేను) ఉంది. పసుపు, మక్క వేస్తాం. అక్కడ మక్క చొప్పను నేల మీద పరిస్తే చెదలు వచ్చాయి. చెత్త వేస్తే చెదలు పంటకు పడతాయని మా నాయన ఒప్పుకోవడం లేదు. మడిలో వానపాములు కూడా ఒక్కటీ కనిపించలేదు. నేల చచ్చిపోయిందని అనుకోవాలా?

జవాబు 3: పుట్టమన్ను (ఆదిలాబాద్ జిల్లా)

జీవామృతం లెక్క సులువైనదే. 200 లీటర్ల పీపాలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, పిడికెడు మట్టి వేస్తాం. పేడలోంచి 30 గ్రాములు, మూత్రంలోంచి ఎక్కువలో ఎక్కువ 100 గ్రాములు, పిండిలోంచి 70 గ్రాములు కలిపి మొత్తం నత్రజని 200 గ్రాముల చుట్టూ ఉంటుంది. మీ లోటు కిలోల్లో ఉంది. జీవామృతాన్ని నేనూ వాడతాను, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ పచ్చి వరిగడ్డికి తక్కువైన నత్రజనిని అది పూడుస్తుందని చెప్పడం సరికాదు. ఆ పని జీలుగ, జనుము, పశువుల పెంట చేయగలవు.

చెదల గురించి నేను ఇరవై ఏళ్లుగా నా చేనులో గమనిస్తున్నాను. మన చెలకల్లో పుట్టలు పెట్టే చెదలు తెచ్చిన కట్టెను, చొప్పను తామే పూర్తిగా జీర్ణం చేసుకోలేవు. పుట్ట లోపల తేనెపట్టు లాంటి గూళ్లలో ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. అవి నమిలి విసర్జించిన పీచు మీద ఆ శిలీంధ్రం పెరిగి లిగ్నిన్‌ను విరగ్గొడుతుంది, ఆ తరువాత చెదలు దాన్ని తింటాయి. తొలి వానల తరువాత ఆ శిలీంధ్రమే పుట్ట మీద గొడుగై లేస్తుంది. మనవాళ్లు దానికి పుట్టగొడుగు అని పేరు పెట్టినప్పుడే పుట్టకూ గొడుగుకూ ఉన్న చుట్టరికాన్ని గుర్తించారు. చెలకలో ఎండు చొప్పను, పత్తి కట్టెను మట్టిలో కలిపే పనివాళ్లలో చెదలు ముఖ్యమైనవి, ఎందుకంటే వానపాము ఆగిపోయే ఎండాకాలంలో కూడా అవి లోపలి నుంచి తడి తెచ్చుకుని పని చేస్తాయి.

మరి పంటకు పట్టవా అంటే పడతాయి, ముఖ్యంగా బెట్టకు వాడిన మొక్కలకు. నేను చూసినంతలో నేల మీద ఎండు మేత ఉన్నంత కాలం చెదలు దానికే అంటుకుని ఉంటాయి. నేల ఊడ్చినట్టు ఉండి తినడానికి ఏమీ లేనప్పుడే మక్క కాడ మొదలును పడతాయి. పసుపు దుంపల దగ్గర మాత్రం మీ నాయన జాగ్రత్త సరైనదే. మక్క చొప్పను మొక్క మొదలుకు ఆనించకుండా సాళ్ల మధ్య పరచండి, తడి ఆరనీయకండి. సగం మాగిన పెంట అంతకన్నా ప్రమాదం. దానిలో చెదలతో పాటు వేరుపురుగు గుడ్లు కూడా చేనుకు వస్తాయి. పెంటను నీడలో తడుపుతూ, మధ్యలో ఒకసారి తిరగేసి, మూడు నాలుగు నెలలు మాగనిచ్చి, పచ్చి పేడ వాసన పోయి వాన పడిన నేల వాసన వచ్చాకే తోలండి. ఆ వాసన ఆక్టినోమైసిటిస్ అనే జీవులు విడిచే జియోస్మిన్ అనే పదార్థానిది, తొలకరి చినుకుకు మనకు తెలిసే వాసనలో ఉన్నదీ అదే. అది వచ్చిందంటే మెత్తటి మేత అయిపోయి గట్టి పీచు మీద పని సాగుతోందని గుర్తు.

వానపాముల కోసం దమ్ము చేసిన మడిలో వెతకవద్దు. నీరు నిలిచి గాలి లేని బురదలో మన చెలక వానపాములు ఉండలేవు, గట్ల మీదికి చేరతాయి. ఆ గట్టు మట్టిని తవ్వి చూడండి. మడి బురదలో వాటి బదులు దారంలాంటి సన్నని ఎర్ర పురుగులు ఉంటాయి. తలను బురదలో దూర్చి తోకను నీళ్లలోకి పెట్టి ఆడిస్తూ ఉంటాయి. నీళ్లలోని గాలిని తోకతో తీసుకుంటూ, కింద మట్టిని తిని పైకి విసర్జిస్తూ, సగం కుళ్లిన గడ్డిని పైకీ కిందికీ కలుపుతాయి. ఎర్రగా ఉండే మరో రకం, దోమ లాంటి ఈగల పిల్లపురుగులు. రెండింటి ఒంట్లోనూ మన రక్తంలో ఉన్నలాంటి ఎర్ర పదార్థమే ఉండి, గాలి తక్కువ చోట కూడా బతకనిస్తుంది. కనుక వానపాము కనిపించలేదని నేల చచ్చిపోయిందని దిగులు పడకండి. వర్మీకంపోస్టు తొట్టి నుంచి పాములు కొని మడిలో వదలమని ఎవరైనా చెబితే డబ్బు పెట్టకండి. అవి చెత్తలో, పేడలో నేల పైభాగాన మాత్రమే బతికే రకాలు, మట్టిలో బొరియలు చేసేవి కావు.

చెలకలో మాత్రం జూన్‌లో నాలుగు వానలు పడ్డాక ఉదయం పూట కూర్చుని చూడండి. మఖమల్ గుడ్డలా ఎర్రగా మెరిసే ఆరుద్ర పురుగు తిరుగుతుంది. అది చెదలను, పురుగుల గుడ్లను తినే వేటగత్తె. రోకలిబండ పురుగు తడిసిన ఆకులను ముక్కలు చేస్తుంది. వాటికన్నా చిన్నవి, ఆవగింజలో సగం కూడా లేకుండా చొప్ప కింద గెంతే తెల్లటి జీవులు శిలీంధ్రాలను మేస్తాయి. ఆకును ముక్కలు చేసేవి లేకపోతే సూక్ష్మజీవికి అంటుకోవడానికి చోటు చిక్కదు, శిలీంధ్రాన్ని మేసేవి లేకపోతే దాని ఒంట్లో దాచుకున్న నత్రజని బయటికి రాదు. ఇంత మందీ కలిసి తింటేనే చొప్ప మన్నవుతుంది. నిప్పు పెట్టినప్పుడు గడ్డిలోని నత్రజని దాదాపు మొత్తం పొగతో పోతుంది. దానితో పాటు పై రెండు మూడు సెంటీమీటర్లలో కాపురం ఉండే ఈ సంసారం చాలా వరకు కాలిపోతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

జవాబు 4: మట్టి పరీక్ష

ఊళ్లో అడిగేవారికి జవాబు కావాలన్నారు కదా, దానికి ఉపయోగపడే లెక్క ఒకటి రాస్తున్నాను. రెండున్నర టన్నుల గడ్డిలో పొటాష్ 40 కిలోల వరకు ఉంటుంది. మడిలో కలిపితే అది కుళ్లే దాకా ఆగనక్కరలేదు, తడి తగిలిన కొద్ది వారాల్లోనే చాలా వరకు కరిగి నేలలోకి దిగుతుంది. కాల్చినా బూడిదలో చాలా భాగం మిగులుతుంది నిజమే, కానీ గాలికీ మొదటి వానకూ గట్టు దాటిపోతుంది. నత్రజని అయితే బూడిదలో కూడా మిగలదు.

కర్బనం విషయంలో మాత్రం తొందరపడకండి. ఎకరా నేల పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 9 లక్షల కిలోలు. మీ పత్రంలోని 0.42 శాతాన్ని 0.52 చేయాలంటే 900 కిలోల కర్బనం నేలలో నిలవాలి. మీరు ఒక పంట గడ్డితో ఇచ్చే 1000 కిలోలలో ఎక్కువ భాగం జీవుల ఊపిరిగా వెళ్లిపోయి, ఏడాది గడిచేసరికి నిలిచేది 150, మహా అయితే 200 కిలోలు. పాత కర్బనం కూడా మన ఎండలకు ఏటా కొంత కరుగుతూనే ఉంటుంది. అంటే వరుసగా అయిదారేళ్లు ఇస్తే గానీ కాగితం మీద అంకె కదలదు. 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని పరీక్షా కేంద్రాల్లో లెక్క వేస్తారు. మీది తక్కువలో ఉన్నా, గట్టు దాటడానికి పెద్ద దూరం లేదు.

నిలకడగా చేస్తే నేల మారుతుందనడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) నల్లరేగడిలో 1976 నుంచి పక్కపక్క చేలలో పాత పద్ధతినీ, వానాకాలంలో జొన్న కందిని కలిపి వేసి నీటిని, ఎరువును సరిగా వాడే పద్ధతినీ పోల్చి చూస్తూ వచ్చారు. పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా టన్ను గింజలు వచ్చిన చోట కొత్త పద్ధతిలో 5 టన్నుల వరకు వచ్చాయి. పాతికేళ్ల తరువాత కొలిస్తే నేలలోని కర్బనం, అందులోని సూక్ష్మజీవుల బరువు రెండూ ఎక్కువగా ఉన్నాయి. కంది రాల్చే ఆకు, లోతుకు దిగే వేరు అందులో పెద్ద పాత్ర పోషించాయి. అది మెట్ట పంట సంగతి, మీది మాగాణి. అయినా వీలైన ఏడు ఒక యాసంగికి వరి బదులు మినుమో పెసరో వేస్తే మీ నేలకు గాలి ఆడుతుంది, మడి ఆరుతుంది, సల్ఫైడ్ బెడద కూడా తగ్గుతుంది.

మీకు ఊళ్లో చూపించడానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను, పరిశోధకులు వాడేదీ ఇంచుమించు ఇదే. నైలాన్ దోమతెర గుడ్డతో జానెడు సంచులు కుట్టి, ఒక్కొక్క దానిలో ఎండిన వరిగడ్డి ముక్కలు 20 గ్రాములు తూచి వేసి, దున్నకం రోజున మడి మధ్యలో కొన్ని, గట్టు పక్కన కొన్ని, చెలకలో కొన్ని, నాలుగు వేళ్ల లోతున పాతండి. మూడు వారాలకు ఒకటి, ఆరు వారాలకు ఒకటి తీసి, మట్టి కడిగి, ఎండబెట్టి తూచండి. ఎక్కడ ఎంత తగ్గిందో తక్కెడే చెబుతుంది.

ప్రశ్న వేసినవారి మాట: యాసంగి రైతు

పన్నెండు సంచులు మా ఇంటావిడ కుట్టింది. మొన్న కోత మిషన్ వెళ్లిన మూడో రోజే మడిని పైపైన దున్నించి, ఎకరాకు 20 కిలోల యూరియా చల్లించి, మడిలో నాలుగు, గట్టు పక్కన నాలుగు, చెలకలో నాలుగు పాతి కర్రలు గుచ్చాను. నాటు ఈసారి డిసెంబరు చివరి వారానికి పెట్టుకున్నాను. చెలకలో పాతేటప్పుడు మా నాయన కూడా వచ్చి, సంచి గుడ్డను చెదలు కొరుకుతాయేమోనని అడిగారు. అది నైలాన్ కనుక కొరకకపోవచ్చని చెప్పాను. తీసిన రోజున తూకాలు ఇక్కడే రాస్తాను.